నెలలో ఓడి, ఏడాదిలో గెలిచిన మందు

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడమని చాలామంది అనుకుంటారు. నిజానికి గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఒంటికి కావలసినంత రక్తాన్ని మాత్రం తోయలేకపోతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, సాయంత్రానికి కాళ్ల వాపు. అలాంటి గుండె వేగాన్ని ఇంకా తగ్గించే మందు ఇస్తామంటే 1970లలో ఏ డాక్టరైనా ఉలిక్కిపడేవాడు. గుండె నీరసపడిన వాళ్లకు బీటా బ్లాకర్ అనే ఆ మందు ఇవ్వకూడదని వైద్య విద్యార్థులు బట్టీ పట్టేవాళ్లు. ఇప్పుడు పంపింగ్ తగ్గిన రోగి చీటీలో ఆ మందు కనిపించకపోతే, ఎందుకు రాయలేదని పెద్ద డాక్టరు అడుగుతాడు.

ఈ తలకిందుల వ్యవహారం స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మొదలైంది. ఫిన్ వాగ్‌స్టీన్ అనే కార్డియాలజిస్టు పరిశోధన జీవితం చాలా వరకు దీని చుట్టూనే తిరిగింది. ఒక్కడు లోకాన్ని ఎదిరించి నిలిచాడు, మిగతావాళ్లంతా మూర్ఖులు అన్నట్టు ఈ కథను చెప్పడం చూశాను. నాకది నచ్చదు. అనుమానించినవాళ్ల దగ్గర గట్టి కారణాలే ఉన్నాయి. వాళ్లకు లేనిదల్లా ఓపిక. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఈ మందు పనిచేయడానికి ఎంత కాలం పడుతుందో అప్పటికి ఎవరికీ లెక్క తెలియదు.

వాళ్ల తర్కం ఇలా ఉండేది. గుండె బలహీనపడితే శరీరం కంగారుపడి ఎడ్రినలిన్, నార్‌ఎడ్రినలిన్ ఎక్కువగా వదులుతుంది. వాటి దెబ్బకు గుండె వేగం పెంచి ఎలాగో నెట్టుకొస్తుంది. 1960లలో జేమ్స్ బ్లాక్ తయారుచేసిన ప్రొప్రనొలాల్, దాని తర్వాత వచ్చిన బీటా బ్లాకర్లు ఆ హార్మోన్లు గుండెను తాకకుండా అడ్డుపడతాయి. గుండెకు రక్తం చాలక ఛాతీలో వచ్చే ఆంజైనా నొప్పికి అది వరం. ఎడ్రినలిన్ ఊతంతోనే నిలబడ్డ గుండె దగ్గర ఆ ఊతాన్ని లాగేస్తే ఏమవుతుంది? కూలిపోతుందనే అనుకున్నారు. కొందరు రోగుల్లో అలా కూలడం కళ్లారా చూశారు కూడా.

గోథెన్‌బర్గ్‌లో ఓకె యాల్మర్సన్ అనే మరో డాక్టరు, వాగ్‌స్టీన్ కలిసి ఆ రోజుల్లో గుండెపోటు రోగులకు బీటా బ్లాకర్లు ఇచ్చి చూస్తున్నారు. ఛాతీ నొప్పి తగ్గుతోంది. గుండె కాస్త నీరసించిన వాళ్లు సైతం మందును తట్టుకుంటున్నారు. విశ్రాంతిలో ఉన్నా గుండె దడదడా కొట్టుకునే కార్డియోమయోపతి (గుండె కండరం జబ్బు) రోగులకు ఇస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. 1975లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వాళ్ల వ్యాసం వచ్చింది. రోగులు ఏడుగురు. మందు వాడింది రెండు నెలల నుంచి పన్నెండు నెలల దాకా. పోల్చి చూడటానికి వేరే గుంపు లేదు. గుండె పనితీరు మెరుగుపడిందని రాశారు.

ఏడుగురంటే ఏడుగురే! ఆనాడు నేను సంపాదకుడినైతే వేసుకునేవాణ్ణో లేదో చెప్పలేను. 1979లో అదే బృందం నుంచి కార్ల్ స్వెడ్‌బర్గ్ ముందుండి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇంకో వ్యాసం వేశారు. బీటా బ్లాకర్ వాడిన 24 మంది ఎక్కువ కాలం బతికారన్నది అందులో సారాంశం. పోలిక మాత్రం అంతకుముందు చూసిన పాత రోగులతో. ఇలాంటి పోలికలో మందు గొప్పతనమెంత, మారిన వైద్యం గొప్పతనమెంత అని విడదీయడం కష్టం. కాబట్టి మిగతా ప్రపంచం పెదవి విరిచిందంటే తప్పు పట్టలేం.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. 1980ల మొదట్లో వేరే దేశాల డాక్టర్లు పద్ధతిగా, ప్లేసిబోతో (మందు లేని ఉత్తి మాత్రతో) పోల్చి, ఎవరికి ఏది ఇస్తున్నారో తెలియకుండా చిన్న ట్రయల్స్ చేశారు. నెల రోజులు చూశారు. లాభమేమీ కనబడలేదు. పైకి చూస్తే స్వీడన్ వాళ్ల అధ్యయనాల కన్నా ఇవే మేలైనవి. కానీ నెల రోజులే చూశారు కదా!

బీటా బ్లాకర్ మొదలుపెట్టిన తొలి వారాల్లో చాలామందికి నీరసం పెరుగుతుంది, కొందరికి ఒంట్లో నీరు చేరుతుంది. మందు తన ప్రభావం చూపే తీరే అది. మేలు మాత్రం నెలల మీద వస్తుంది. అలసిపోయిన ఎద్దును ముల్లుగర్రతో పొడిస్తే నాలుగడుగులు వేస్తుంది, తర్వాత చతికిలబడుతుంది. పొడవడం ఆపితే ఆ పూట నడక మందగించినా తర్వాత తేరుకుంటుంది. ఎడ్రినలిన్ దెబ్బలు తగ్గాక గుండె కండరం కూడా అలాగే మెల్లగా కోలుకుంటుంది. గుండెలో ఉబ్బిన గది చిన్నదవుతుంది, ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గదిలోని రక్తంలో ప్రతిసారీ బయటికి తోసే వంతు) పెరుగుతుంది. ఇదంతా నెలలోపు చూద్దామన్నా కనిపించదు. డోసు సంగతీ అంతే. గోథెన్‌బర్గ్ పద్ధతిలో మెటోప్రొలాల్ అనే బీటా బ్లాకర్‌ను రోజుకు 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారాల తరబడి మెట్టు మెట్టుగా 100, 150కి తీసుకెళ్లేవారు. మొదటిరోజే ఆంజైనాకు ఇచ్చే డోసు ఇస్తే రోగి కూలబడేవాడు. పాత డాక్టర్లు చూసింది బహుశా అదే.

ఇదే కాలంలో ఎదురు దారిలో వెళ్లినవాళ్లకు ఏమైందో చూడాలి. నీరసించిన గుండెను ఇంకా గట్టిగా కొట్టించే మిల్రినోన్ మాత్రలను 1,088 మంది మీద పరీక్షించారు. 1991లో ఫలితం వచ్చింది. మందు తీసుకున్నవాళ్లలో మరణాలు 28 శాతం ఎక్కువ. రోజుల్లో చూస్తే గుండె చురుగ్గా కొట్టుకుంటుంది, నెలలు గడిస్తే రోగి ఉండడు. రెండు మందులూ తొలి వారాల్లో చూపించిన ముఖం వేరు, చివరికి తేలింది వేరు. హార్ట్ ఫెయిల్యూర్ పరిశోధనలో నాకు అన్నిటికన్నా పెద్ద పాఠంగా కనిపించేది ఈ జంటే. రక్తపు ప్రవాహం ఎన్ని లీటర్లు పెరిగింది అన్న కొలతను అప్పటిదాకా గుడ్డిగా నమ్మారు. మనిషి బతికాడా లేడా అన్నది వేరే ప్రశ్న అని ఈ ట్రయల్‌తో తేలిపోయింది.

వాగ్‌స్టీన్ బృందం చేసిన పనుల్లో నాకు బాగా నచ్చేది, మందు ఆపి చూడటం. మెరుగుపడిన రోగులకు బీటా బ్లాకర్ ఆపితే కొందరి గుండె మళ్లీ దిగజారింది. తిరిగి మొదలుపెడితే తేరుకుంది. పెద్ద ట్రయల్‌కు డబ్బు లేనప్పుడు, చేతిలో ఉన్న కొద్దిమందితోనే అనుమానాన్ని తీర్చుకునే తెలివైన మార్గం అది. రిస్కు లేదని మాత్రం అనలేం.

1993లో ఆయన ముందుండి నడిపిన 383 మంది ట్రయల్ వచ్చింది. అది కూడా పూర్తి గెలుపేమీ కాదు. మరణాలు తగ్గలేదు. గుండె మార్పిడి అవసరమయ్యేంత దిగజారినవాళ్లు ప్లేసిబో వైపు 19 మంది, మెటోప్రొలాల్ వైపు ఇద్దరు. ఒప్పుకోవాలో వద్దో తేల్చుకోలేని ఫలితం. 1996లో అమెరికాలో కార్వెడిలాల్, 1999లో యూరప్‌లో బిసోప్రొలాల్ అనే వేరే బీటా బ్లాకర్ల మీద జరిగిన ట్రయల్స్ ఆ తక్కెడను ఒక పక్కకు వంచాయి. అదే 1999లో యాల్మర్సన్ ఆధ్వర్యంలో 3,991 మందితో జరిగిన మెరిట్ ట్రయల్ ఫలితం అచ్చయింది. ప్లేసిబో వైపు 217 మంది, మెటోప్రొలాల్ వైపు 145 మంది చనిపోయారు. తేడా స్పష్టంగా ఉండటంతో గడువుకు ముందే ఆపేశారు. 2002లో వాగ్‌స్టీన్‌కు కింగ్ ఫైసల్ బహుమతి వచ్చింది.

1975 నుంచి 1999. ఇరవై నాలుగేళ్లు! ఏడాదికిన్ని వ్యాసాలు అని లెక్కగట్టే చోట ఈ కెరీర్ నడిచేదా అన్నది నా అనుమానం. ఆయన ఒంటరి కాదు కాబట్టి నడిచింది. అదే ఊళ్లో యాల్మర్సన్ గుండెపోటు మీద పనిచేస్తూ 1981లో 1,395 మంది ట్రయల్‌తో మెటోప్రొలాల్‌కు పరువు తెచ్చారు. స్వెడ్‌బర్గ్ వేరే మందు పట్టుకుని, 1987లో ఎనలాప్రిల్‌తో తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్‌లో ఆర్నెల్ల మరణాలు 44 నుంచి 26 శాతానికి తగ్గాయని చూపిన ట్రయల్‌లో ముఖ్యపాత్ర పోషించారు. అలా బృందానికి పేరు నిలబడుతూ వచ్చింది, నమ్మకం కుదరని ఆలోచన ఆ నీడన బతికింది. మెటోప్రొలాల్‌ను తయారుచేసిన కంపెనీ కూడా గోథెన్‌బర్గ్ పక్కనే ఉండటం కలిసొచ్చింది. కంపెనీ ఆసక్తి లేకుండా నాలుగు వేల మంది ట్రయల్ జరగదు. దాన్ని దాచాల్సిన పనిలేదు, మరిచిపోనూ కూడదు. అమ్ముకోవడానికి మందు లేని ప్రశ్నలకు ఇంత ఓపికగా డబ్బు పెట్టేవాళ్లు ఎవరు?

దీనికి కొంత జవాబు స్వీడన్ నుంచే వచ్చింది. గుండెపోటు వచ్చి, పంపింగ్ మాత్రం చెక్కుచెదరని వాళ్లకు బీటా బ్లాకర్ నిజంగా కావాలా అని అక్కడి డాక్టర్లు అడిగారు. దేశమంతటి గుండె రోగుల రిజిస్ట్రీని వాడుకుని, ఎక్కువగా స్వీడన్ రోగులతోనే, 5,020 మందిని చేర్చుకున్నారు. 2024లో ఫలితం చెప్పారు. మరణాలు, మళ్లీ గుండెపోట్లు కలిపి చూస్తే మందు వాడినవాళ్లలో 7.9 శాతం, వాడనివాళ్లలో 8.3 శాతం. అంటే తేడా లేనట్టే. 2025లో వేరే దేశాల్లో వచ్చిన పెద్ద ట్రయల్స్ కూడా ఒకదానితో ఒకటి పూర్తిగా కలవలేదు. పంపింగ్ తగ్గిన గుండెల విషయంలో ఈ మందును ఎవరూ ప్రశ్నించడం లేదు. గుండెపోటు తర్వాత అలవాటుగా రాసే చీటీల్లో ఎవరెవరికి దాన్ని తీసేయొచ్చన్నదే ఇప్పుడు నడుస్తున్న వాదన.