స్థలం పిత్రార్జితం, గోడలు స్వార్జితం

పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు మా గోదావరి వాళ్లు. ఇల్లమ్మి తినమని మాత్రం ఎవరూ అనలేదు. ఆ లోటు 2007లో కేంద్ర ప్రభుత్వం తీర్చింది. ఆ ఏటి బడ్జెట్టులో చిదంబరం గారు రివర్స్ మార్ట్‌గేజ్ అన్న మాట పలికారు. నేషనల్ హౌసింగ్ బ్యాంకు నిబంధనలు రాసిపెట్టింది. అరవై దాటినవాడు తనుంటున్న ఇంటిని తనఖా పెడితే, బ్యాంకే నెలనెలా వాడికి డబ్బిస్తుంది. వాయిదాలు కట్టక్కర్లేదు, ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పోయాకే లెక్క తేలుస్తారు. అంటే ఇంటిని అమ్మకుండా, అందులోనే పడుకుని, గోడ తర్వాత గోడ తినేసే సదుపాయం.

ఇంత చక్కటి పథకం పెట్టి ఇన్నేళ్లయినా దాన్ని వాడుకున్న మనిషి మా కోనసీమలో నాకు ఒక్కడూ తగల్లేదు. ఎందుకో కనిపెట్టే బాధ్యతని, ఇరిగేషన్ శాఖలో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టినవాణ్ణి కాబట్టి, నేనే నెత్తికెత్తుకున్నాను.

ముందు నీళ్ల లెక్క చూద్దాం. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట ముగించిన నాటి నుంచీ ఇక్కడ నీరు ఒకటే దిక్కుకి పోతోంది. కాలవలోంచి బోదెలోకి, బోదెలోంచి చేలోకి, చేలోంచి మురుగు కాలవలోకి. ఆస్తి దారీ అదే. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి హైదరాబాదులో ఎనిమిదో అంతస్తు ఫ్లాటుకి. మధ్యలో ఎవడైనా తూమెత్తి తన మడికి ఓ చెంబెడు తిప్పుకుంటే వాణ్ణి నీటిదొంగ అంటాం. రివర్స్ మార్ట్‌గేజ్ అంటే సరిగ్గా ఆ తూమెత్తడమే. అందులోనూ ముసలాడు ఎత్తడం.

మా వీధిలో ఇళ్లు ధనవంతులు, మనుషులు పేదవాళ్లు. కోటి పలికే ఇంట్లో ఉంటూ బీపీ మాత్రని బ్లేడుతో రెండుగా కోసుకుని పూటకో ముక్క వేసుకునే దంపతుల్ని నేనెరుగుదును. ఆ ఇంట్లో ఆరు గదులు. నాలుగింటికి తాళాలు. పెద్దాడి గది, చిన్నాడి గది, అమ్మాయి గది, మనవల గది. సంక్రాంతి మూడు రోజులూ తెరుస్తారు, మిగతా మూడొందల అరవై రెండు రోజులూ ఆ గదుల్లో బొద్దింకలు ఏసీ లేకుండా కాపురం చేస్తాయి. ఆ ఇల్లెవరిదండీ అని అడిగి చూడండి. "పిల్లలదండి. మేం చూసుకుంటున్నాం" అంటారు. జీతం లేని వాచ్‌మన్ ఉద్యోగం, అదీ పన్ను తనే కట్టుకుని.

తాకట్టుల్లో మాకు పెద్ద అంతస్తులే ఉన్నాయి. దాళ్వా పెట్టుబడికి ఇల్లాలి గాజులు బ్యాంకులో పెడితే వ్యవసాయం. రొయ్యల చెరువుకి రెండెకరాలు పెడితే ధైర్యం. పిల్లాడి అమెరికా చదువుకి మిగతా ఎకరం కూడా పెడితే కన్నప్రేమ, దానికి ఊళ్లో భోజనాలు కూడా పెడతారు. సొంత మోకాళ్ల కోసం సొంత ఇల్లు పెడితే మటుకు, "పాపం, ఆఖరికి ఇల్లు కూడా పెట్టేశాడటండీ, ఆయ్" అని రేవు దగ్గర్నుంచి రైసుమిల్లు దాకా గుప్పుమంటుంది.

ఇక నా మోకాళ్ల సంగతి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ అంకె రిజిస్టర్లో ఎక్కించిన చేతుల్లో నావీ ఉన్నాయి. మేముండేది గట్టు కింద. వరద తీశాక నాన్నగారి పెంకుటింట్లో మిగిలింది బురద, ఓ తులసికోట. ఆ జాగాలోనే పీఎఫ్ మీద అప్పు తీసి శ్లాబిల్లు కట్టాను. మళ్లీ నీరు రాకూడదని పునాది బాగా లేపాను. వీధిలోంచి అరుగు మీదకి తొమ్మిది మెట్లు. నాకప్పుడు ముప్పై రెండేళ్లు, పరిగెత్తుకెక్కేవాణ్ణి. నలభై ఏళ్లుగా వరద ఆ తొమ్మిది మెట్లూ ఎక్కలేకపోయింది. ఇప్పుడు నేనూ ఎక్కలేకపోతున్నాను.

అందుకని నా ఆలోచన ఇల్లు తిందామని కాదు, ఇల్లు కొందామని. అమలాపురంలో లిఫ్టున్న రెండు గదుల ఫ్లాటు. మా అబ్బాయి ఉండేది టెక్సాసులో. అక్కడ అరవై రెండు దాటినవాళ్లు రివర్స్ మార్ట్‌గేజ్‌తోనే కొత్త ఇల్లు కొనుక్కోవచ్చని చదివాను. 2009 నుంచీ ఉందట. పాత ఇల్లు అమ్మిన డబ్బులోంచి కొత్తదాని ధరలో సగమో, ఇంకాస్త ఎక్కువో పెట్టుకుంటే, మిగతాది తిరగేసిన తనఖా కింద వస్తుంది. బతికి ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నెలవారీ వాయిదా లేదు. ఇంటి పన్ను, బీమా కట్టుకుంటూ ఇంటిని బాగుగా ఉంచుకుంటే చాలు. అవి మానేస్తే మాత్రం వాళ్లూ ఊరుకోరు, ఇల్లు లాక్కుంటారు. చదివి మా ఆవిడకి వినిపించాను. "ఇల్లు పెట్టి ఇల్లు కొనడమేంటండీ, కుక్కతోక పట్టుకుని గోదారీదినట్టు" అంది. ఆవిడ ఆర్థికశాస్త్రం చదవలేదు. అందుకే ఆవిడకి ఇలాంటివి తొందరగా అర్థమైపోతాయి.

బ్యాంకుకెళ్లాను. లోన్ల కౌంటర్లో అబ్బాయికి మా మనవడికన్నా నాలుగేళ్లు ఎక్కువుంటాయేమో.

"ప్రాపర్టీ మీద లోనా సార్?"

"కాదు బాబూ, దానికి ఉల్టా. మీరు నాకు నెలనెలా కట్టాలి."

నా వెనకాల ఎవరైనా వచ్చారేమోనని తొంగి చూశాడు, ముసలాణ్ణి ఒంటరిగా పంపారే అన్నట్టు. తర్వాత ఎవరికో ఫోన్ చేశాడు, కంప్యూటరు తిరగేశాడు, చివరికి నడివేసవిలో వలలో పులస పడ్డట్టు కేకేశాడు. "ఉంది సార్! మన దగ్గరుంది!"

ఇద్దరం కలిసి నిబంధనలు చదువుకున్నాం. నాకు అరవై దాటాలి, ఆవిడకి యాభై అయిదు. సరే. ఇంటి మరమ్మతుకి, వైద్యానికి, పెన్షన్‌కి తోడుగా, ఇంటి మీద పాత అప్పుంటే తీర్చడానికి, ఇంకా ఏ న్యాయమైన అవసరానికైనా ఆ డబ్బు వాడుకోవచ్చు. వ్యాపారానికీ జూదంలాంటి బేరాలకీ వాడకూడదు. అంటే రొయ్యల చెరువు పనికిరాదు. మంచిదే.

"మరి ఫ్లాటు కొనుక్కోవచ్చా బాబూ?"

చాలాసేపు ఆలోచించాడు. "కొనుక్కోవచ్చేమో సార్. కానీ మీరు తనఖా పెట్టిన ఇంట్లోనే ఉండాలి. అక్కణ్ణుంచి మారిపోతే అప్పు తీర్చేయాలి."

కొనచ్చు, కాపురం మాత్రం చెయ్యకూడదు. వింటే విడ్డూరంగా ఉంటుంది గానీ మా జిల్లాకి ఇదేం కొత్త? మా ఊళ్లో సగంమంది హైదరాబాదులో ఫ్లాట్లు కొన్నదీ ఈ పద్ధతిలోనేగా.

ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తారా అంటే ఇస్తారు, వైద్యానికైతే, అదీ అర్హత మొత్తంలో సగానికి మించకుండా, 15 లక్షలు దాటకుండా. మోకాళ్లు మార్పించుకోవడానికి ఇస్తారు. మోకాళ్లకి తగ్గ ఇంటికి మారడానికి ఇవ్వరు.

నెలవారీ అయితే ఎంతొస్తుందో కాలిక్యులేటరు మీద వేశాం. ఇల్లు యాభై లక్షలనుకుని, అందులో అరవై శాతం దాకా అప్పు, పది శాతం వడ్డీ, పదిహేనేళ్లు అని పెడితే నెలకి సుమారు 7,240 రూపాయలు తేలింది. పదిహేనేళ్లలో నా చేతికొచ్చేది 13 లక్షలు. అప్పటికి నేను బాకీ ఉండేది 30 లక్షలు. మధ్యలో 17 లక్షలు వడ్డీ తిన్నది. నేను ఇంటిని తింటుంటే వడ్డీ నన్ను తింటుంది, ఎవరి పళ్లెం వారిదే. 7,240కి సీజన్లో ఓ మోస్తరు పులస రావచ్చు. నెలకో పులసన్నమాట. కాకపోతే పులస వరదనీటికి ఎదురీదుతూ వచ్చేది ఏడాదిలో రెండు మూడు నెలలే, ఆనకట్ట దగ్గరికొచ్చేసరికి దాని ఎదురీత ఆగిపోతుంది. తక్కిన నెలలు డబ్బు మిగిలినట్టే. బ్యాంకు నెలనెలా ఇచ్చేదాన్ని ఆదాయం కింద లెక్కగట్టకూడదని 2008లోనే ఆదాయపు పన్ను చట్టంలో రాశారు కూడా.

ఇందులో బ్యాంకుకీ భయం లేకపోలేదు. ఇంటి విలువకి మించి బాకీ పెరిగినా వారసుల దగ్గర వసూలు చెయ్యకూడదు. అంటే వాళ్ల లాభమంతా మనం సమయానికి వెళ్లిపోవడం మీదుంది. ఫ్రాన్సులో ఇలాంటి పాత ఒప్పందమొకటుంది. 1965లో ఓ లాయరు, వయసు నలభై ఏడు, తొంభై ఏళ్ల ఝాన్ కాల్మాన్ అనే ఆవిడకి నెలకి 2,500 ఫ్రాంకులు చొప్పున ఆవిడ బతికున్నంతకాలం ఇస్తాననీ, పోయాక ఇల్లు తనదనీ రాసుకున్నాడు. ముప్పై ఏళ్లు ఇచ్చి 1995లో ఆయన పోయాడు. తర్వాత ఆయన భార్య కట్టింది. కాల్మాన్ గారు 1997లో, 122 ఏళ్లు నిండాక వెళ్లింది. బ్యాంకు అబ్బాయికి ఈ కథ చెప్పకుండా ఉండాల్సింది. ఆ తర్వాత నా వంక చూసిన చూపులో కొంచెం లెక్క కనపడింది.

అసలు సుడిగుండం కాగితాల దగ్గరుంది. ఇల్లు స్వార్జితమై ఉండాలట. "స్థలం పిత్రార్జితం, గోడలు స్వార్జితం బాబూ. గోడల మట్టుకు పెట్టుకుంటారా?" అన్నాను. నవ్వలేదు. పంపకాల దస్తావేజు, తమ్ముడి హక్కు విడుదల పత్రం, ఇంటి మీద తాకట్టులేమైనా ఉన్నాయేమో చెప్పే ఈసీ, ప్లాను అన్నీ తెమ్మన్నాడు, లాయరుగారు చూడాలని. ప్లానట! 86 వరద తర్వాత మా ఊళ్లో ప్లాను వేసింది గోదావరి ఒక్కతే.

ఆదివారం అబ్బాయి వీడియోకాల్ చేశాడు. మా ఆవిడ ముందే చేరేసింది.

"నాన్నా, మీకేం తక్కువైంది? అడిగితే నేను పంపనా?"

ఆ వాక్యంలో బరువంతా 'అడిగితే' దగ్గరుంది. బ్యాంకులో గొప్పేమిటంటే ఒక్కసారే అడగాలి. వాడిదీ తనఖా ఇల్లే, ముప్పై ఏళ్ల వాయిదాలు. వాడిది ముందుకెళ్లే బండి, నాది రివర్సు గేరు. ఎక్కడో మధ్యలో గుద్దుకోకపోతే చాలు. కాసేపు అమ్మతో మాట్లాడి, పెట్టేసే ముందు అడిగాడు, "ఇంతకీ వేల్యూ ఎంత కట్టారు నాన్నా?"

పక్కింటి బాబాయిగారి సలహా వేరు. కొడుక్కి ఇల్లు సెటిల్మెంటు దస్తావేజు రాసేసి, యావజ్జీవం అనుభవించే హక్కు ఉంచుకోమంటారు. ఆయన అలాగే రాశారు, ఆ హక్కు ముక్క రాయించడం మర్చిపోయారు. తల్లిదండ్రుల్ని చూడని పిల్లలకోసం చట్టం కూడా 2007లోదే. చూస్తారన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూడకపోతే ఆర్డీవో గారి దగ్గర రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు కాగితం మీదుంటే పని సులువు. కన్నకొడుక్కి రాసే కాగితంలో 'అన్నం పెడితేనే' అని రాయించే మొనగాడు మా తాలూకాలో ఇంకా పుట్టలేదు. ఒకే ఏడాదిలో ప్రభుత్వం ముసలాళ్లకి రెండు దారులు చూపించింది, కొడుకు మీద కేసూ, ఇంటి మీద అప్పూ. మేం మూడోది పట్టుకున్నాం, మాత్ర సగానికి కోసుకోవడం.

మొన్న బ్యాంకు తరఫున ఇంజినీరొచ్చాడు. ఇంటికి కనీసం ఇరవై ఏళ్ల ఆయుష్షుందని ఆయన రాసివ్వాలి. నాకుండాలని రూలేం లేదు. తొమ్మిది మెట్లూ టకటకా ఎక్కేసి, స్తంభాలు చూశాడు, శ్లాబు కింద పెచ్చులు చూశాడు, వంటింటి గోడ మీద వేలితో కొట్టి చెవి పెట్టి విన్నాడు. "గట్టిగా ఉందండి" అన్నాడు.

మా ఆవిడ కాఫీ గ్లాసు చేతికిస్తూ అంది, "పనిలో పని, ఈయన్ని కూడా ఓసారి కొట్టి చూడు బాబూ."