కారు లేని కప్పం

కార్ల పరిశ్రమ అనగానే అందరూ హెన్రీ ఫోర్డ్‌కి దండం పెడతారు. పాపం, ఆయన కార్లు తయారు చేశాడు. అంత శ్రమ అనవసరమని నిరూపించిన మహానుభావుణ్ణి మాత్రం లోకం మరిచిపోయింది. ఆయన అమెరికాలోని రోచెస్టర్ ఊరి వకీలు జార్జ్ సెల్డెన్.

1879లో పెట్రోలు బండికి పేటెంట్ కావాలని దరఖాస్తు పెట్టాడు. సాక్షి సంతకం అదే ఊళ్లోని ఓ బ్యాంకు గుమాస్తాది. తర్వాత కొడాక్ కెమెరాల కంపెనీ పెట్టిన జార్జ్ ఈస్ట్‌మన్ ఆ గుమాస్తాయే. సంతకాలు అయ్యాయి, బండి మాత్రం చేయలేదు. పేటెంట్ చెల్లేది చేతికొచ్చిన రోజు నుంచి 17 ఏళ్లే. కొనేవాడు లేనప్పుడు తొందరెందుకు? పేటెంట్ ఆఫీసువాళ్లు ఏదడిగినా జవాబుకి రెండేళ్ల గడువుంది. సవరణ మీద సవరణ పెడుతూ 16 ఏళ్లు లాగించి, సరిగ్గా కార్లు వీధెక్కే వేళకి, 1895లో కాగితం చేతికి తెచ్చుకున్నాడు. ముహూర్తబలం అంటే అదీ!

ఇక ఎలక్ట్రిక్ వెహికల్ కంపెనీ. న్యూయార్క్‌లో బ్యాటరీ టాక్సీలు తిప్పేది. ఒక్కో బండి అర టన్నుకు పైగా బ్యాటరీలు మోసేది. 1899లో వాళ్ల డ్రైవర్ ఒకణ్ణి, గంటకు 12 మైళ్ల వేగంతో దూసుకుపోతున్నాడని పోలీసులు పట్టుకుని లోపలేశారు. ఆ కంపెనీ చరిత్రలో వేగం అన్నది కనిపించేది ఆ ఒక్కచోటే. అదే ఏడాది ఈ బ్యాటరీ కంపెనీ సెల్డెన్‌కి పదివేల డాలర్లిచ్చి, రాయల్టీలో వాటా ఒప్పుకుని, పెట్రోలు బండి పేటెంట్ చేజిక్కించుకుంది. ముందుచూపు! టాక్సీలు మూలపడ్డాక కూడు పెట్టింది ఆ కాగితమే.

1903లో పెట్రోలు కార్ల కంపెనీలు సంఘం కట్టి, ఆ పేటెంట్ పేరిట అమ్మిన ప్రతి కారు ధరలో ఒకటింపావు శాతం కప్పం కట్టడం మొదలుపెట్టాయి. కట్టని కంపెనీ కారు కొంటే కోర్టు కేసు కూడా కొనుక్కున్నట్టేనని పత్రికల్లో బెదిరింపు ప్రకటనలు. ఫోర్డ్ లొంగలేదు. కేసు పడింది. అసలు సెల్డెన్ బండి ఏదని అడిగితే, అప్పటికప్పుడు ఒకటి చేయించి, దాని ఒంటి మీదే ఒక పక్క పెద్ద అంకెల్లో ‘1877’ అని రంగు వేయించారు. అది తంటాలు పడి కాస్త దూరం నడిచింది. తాజా పెయింటుతో ముప్పై ఏళ్ల పురాతనత్వం సాధించిన ఆ పెయింటర్‌కి చరిత్రలో చోటు లేకపోవడం అన్యాయం.

ఊరందరి దగ్గరా కప్పం గుంజిన కంపెనీ 1907లో దివాలా తీసింది. కాగితం మాత్రం చెక్కు చెదరలేదు. 1909లో కింది కోర్టులో గెలిచింది కూడా. 1911లో పైకోర్టు ఇంకా మర్యాదగా చెప్పింది: పేటెంట్ భేషుగ్గా చెల్లుతుంది, కాకపోతే బ్రేటన్ తరహా ఇంజిన్ (గాలిని వేరే సిలిండర్‌లో నొక్కి తెచ్చి మండించే పాత రకం) ఉన్న బండికే. ఫోర్డ్ వాడేది ఒట్టో తరహా ఇంజిన్ (నొక్కడం, మండించడం ఒకే సిలిండర్‌లో జరిగే రకం). ఆ మాటకొస్తే అందరూ వాడేది అదే.

ఈలోగా సెల్డెన్‌కి ఏం పాడుబుద్ధి పుట్టిందో, రోచెస్టర్‌లో నిజంగానే కార్ల కంపెనీ పెట్టాడు. ఆ కార్లలోనూ ఉన్నది ఒట్టో తరహా ఇంజినే.