ఆనంద్ ఆడిన ఆ 23 ఎత్తులు బట్టీ పట్టించకండి

పిల్లలకు చెస్ నేర్పుతానని తెలిసిన ప్రతివాళ్లూ నాకు పంపే మెసేజ్ ఒకటుంది. “2013లో ఆనంద్ క్వీన్స్ గాంబిట్ అనే రహస్య ఓపెనింగ్ ఆడి, క్వీన్‌ను బలిచ్చి, ఆరోనియన్‌ను 23 ఎత్తుల్లో ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యారు. అంతా కంప్యూటర్ చెప్పిందే! మీ పిల్లలతో ఈ ఎత్తులు బట్టీ పట్టించండి, ఇక ఓటమే ఉండదు. పదిమందికీ పంపండి.”

ఆర్మేనియా గ్రాండ్‌మాస్టర్ ఆరోనియన్ 23 ఎత్తుల్లో ఓడాడన్నది నిజమే. మిగతాది చూద్దాం.

ప్రపంచ చాంపియన్? 2007 నుంచీ అప్పటిదాకా ఆయనే కదా! ఈ ఆట జరిగింది నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ టోర్నీలో, ఆ టోర్నీ గెలిచింది నార్వే ఆటగాడు కార్ల్‌సన్. అదే ఏడాది నవంబరులో చెన్నై వచ్చి టైటిల్ కూడా పట్టుకుపోయాడు. రహస్య ఓపెనింగ్? ఆట మొదట్లో వేసే ఈ ఎత్తుల వరస వందేళ్ల పైనుంచీ పుస్తకాల్లో ఉంది. పైగా క్వీన్స్ గాంబిట్ తెల్ల పావుల ఓపెనింగ్, దాన్ని మొదలుపెట్టింది ఆరోనియన్. ఆనంద్‌వి నల్ల పావులు. క్వీన్ బలి? ఆనంద్ క్వీన్ చివరిదాకా బోర్డు మీదే ఉంది. పోయింది రూక్. దాన్ని కొట్టిన గుర్రాన్ని రెండు ఎత్తుల తర్వాత ఆయనా కొట్టేశారు.

కంప్యూటర్ మాట మాత్రం కొట్టిపారేయలేను. 2012లో గెల్ఫాండ్‌తో ప్రపంచ టైటిల్ మ్యాచ్ కోసం చేసుకున్న తయారీ ఇందులో పనికొచ్చిందని ఆనందే చెప్పారు. కానీ 1907లో పోలండ్‌లోని లోడ్జ్‌లో రూబిన్‌స్టైన్ అనే పాతకాలపు మేటి ఆటగాడు రెండు బిషప్‌లనూ ఇలాగే తెల్ల రాజు మీదికి గురిపెట్టి గెలిచినప్పుడు ఏ కంప్యూటర్ ఉంది?

ఇక బట్టీ సంగతి. అసలు ఒళ్లు మండేది ఇక్కడే. మీవాడు అన్నీ కంఠతా పట్టి కూర్చుంటాడు, సరే. ఎదుటి పిల్లాడు రెండో ఎత్తులో బంటును సీ4 గడిలోకి (నిలువు వరుసకు అక్షరం, అడ్డ వరుసకు అంకె) నడపకపోతే? 12వ ఎత్తులో గుర్రాన్ని జీ5కి దూకించకపోతే? అది ఆరోనియన్ ఇష్టపడి వేసిన ఎత్తు, రూల్ కాదు. కాబట్టి టోర్నమెంట్ ముందురోజు ప్రత్యర్థులందరికీ ఈ మెసేజ్ పంపి, “ఆరోనియన్ లాగే ఆడండి నాయనా” అని బతిమాలుకోవాలి. పదిమందికీ పంపమన్నది అందుకేనేమో! బట్టీ పట్టిన పిల్లలు ఆట దారి తప్పినా నేర్చుకున్న ఎత్తే వేసి, పావు పోగొట్టుకుని ఏడుస్తారు. అప్పుడు తిట్లు కోచ్‌కి.

చివరి ఎత్తు చూడండి. ఆనంద్ బిషప్ ఈ3కి వచ్చింది. దేన్నీ కొట్టలేదు. డీ3లోని తెల్ల క్వీన్ హెచ్3 బంటును కాపాడుతుంటే, మధ్యలో నిలబడి దారి మూసింది. ఇక నల్ల క్వీన్ హెచ్3 మీద పడితే మేటే, అంటే రాజుకు తప్పించుకునే దారే ఉండదు. జీ2 బంటు కదిలితే బీ7లోని నల్ల బిషప్ గురికి తెల్ల రాజు దొరికిపోతాడు, అందుకే ఆ బంటు క్వీన్‌ను కొట్టడానికి వీల్లేదు. ఆరోనియన్ ఓటమి ఒప్పుకున్నాడు.

మీ పిల్లలకు ఆట అంతా చూపించి, ఆ ఒక్క ఎత్తూ దాచండి. గంట పట్టినా సరే, వాళ్లనే వెతకనివ్వండి.