మానని నోటిపూత: పళ్ల డాక్టరుకూ చర్మ వైద్యుడికీ మధ్య జారిపోతున్న జబ్బు

నోట్లో పుండు పడితే నల్లగొండలోనైనా పాలమూరులోనైనా మొదట మజ్జిగ తాగుతారు, ఆ తర్వాత మెడికల్ షాపులో బి-కాంప్లెక్స్ గోలీలు కొంటారు. వేడి చేసిందనే ఈ నిర్ధారణను వెక్కిరించాల్సిన పని లేదు. మామూలు నోటిపూత వారం పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో ఏ మందూ లేకుండానే మానుతుంది కాబట్టి మజ్జిగకూ గోలీలకూ మంచి పేరే మిగులుతుంది. చిక్కంతా మానని పుండుతోనే. నెల గడిచినా, రెండు నెలలు గడిచినా అదే వైద్యం సాగుతుండటం వల్ల పెంఫిగస్ వల్గారిస్ లాంటి ప్రమాదకరమైన జబ్బును తొలి దశలో పట్టుకునే అవకాశాన్ని మన జిల్లాల్లో చేజార్చుకుంటున్నామన్నది నా అభిప్రాయం.

పెంఫిగస్ అరుదైన జబ్బే, అంటువ్యాధి కూడా కాదు. మన ఒంటి రక్షణ వ్యవస్థే పొరబడి, కణాన్ని కణంతో అంటిపెట్టి ఉంచే డెస్మోగ్లీన్ అనే ప్రోటీన్ల మీద యాంటీబాడీలను తయారు చేయడంతో పై పొర కణాలు విడిపోయి, ఆ సందులో నీరు చేరి బొబ్బలు లేస్తాయి. నోటి లోపలి పొరకు ప్రధానమైన పట్టు ఈ ప్రోటీన్లలో మూడో రకం. చర్మానికైతే ఒకటో రకం కూడా తోడుగా ఉంటుంది. అందువల్ల యాంటీబాడీలు మూడో రకం మీదే పని చేస్తున్నంత కాలం నోరంతా పుండైనా ఒంటి మీద ఒక్క బొబ్బ కూడా కనిపించకపోవచ్చు. ఒకటో రకం మీద కూడా దాడి మొదలయ్యాక ఛాతీ, వీపు, తల మీద బొబ్బలు వస్తాయి. రోగుల్లో ఎక్కువ మందికి చర్మం కంటే వారాలు, నెలల ముందే నోరు పాడవడం వెనుక ఉన్న సంగతి ఇది.

పైగా నోట్లో బొబ్బ బొబ్బగా నిలవదు. దాని పై పొర పలచన, నమిలే ఒత్తిడికే చిట్లిపోతుంది. డాక్టరు చూసే సమయానికి బుగ్గ లోపల, అంగిట, చిగుళ్ల మీద అంచులు చెదిరిన ఎర్రటి పచ్చి పుండ్లే మిగులుతాయి. రోగి జొన్న రొట్టె నమలలేక పాలలో నానబెట్టి మింగుతుంటాడు, తొక్కు, పచ్చి పులుసు మానేస్తాడు, చూస్తుండగానే చిక్కిపోతాడు. పళ్ల డాక్టరు చిగుళ్లు శుభ్రం చేసి పుక్కిలించే మందు రాస్తారు. ఒంటి మీద బొబ్బలు లేచాక కొందరు అక్కి అనుకుని జాజు రాయించుకుంటారు. నిజానికి అక్కి ఒంటికి ఒకవైపే, నొప్పితో పట్టీలా వచ్చి కొన్ని వారాల్లో తగ్గుతుంది, పెంఫిగస్ అలా ఒక పక్కకు పరిమితం కాదు. ఆర్‌ఎంపీ వేసే స్టెరాయిడ్ సూదితో బొబ్బలు నాలుగు రోజులు అణిగి మళ్లీ లేస్తాయి, రోగిని ఎక్కువగా మోసం చేసేది ఈ నడుమ దొరికే ఉపశమనమే.

మానని నోటి పుండ్లన్నీ పెంఫిగస్ కావు. వక్క, గుట్కా నమిలేవారిలో బుగ్గలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోకపోవడం వేరే జబ్బు, అది క్యాన్సర్‌కు దారి తీయగలదు. కొన్ని మందులు పడక నోరు, కళ్లు, చర్మం పుండ్లు పడే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్‌కైతే నెలల వ్యవధి ఉండదు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, యూరిక్ యాసిడ్‌కు వాడే అల్లోప్యూరినాల్, సల్ఫా మందుల వంటివి మొదలుపెట్టిన కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల లోపు జ్వరం, ఒంటి మీద మచ్చలు, పెదవుల మీద నల్లటి చెక్కు, కళ్ల ఎరుపు కలిసి కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించి మందు ఆపించి పెద్దాసుపత్రిలో చేరాలి. ఇలాంటి మందు రాసే డాక్టరు ఈ ఒక్క మాట రోగితో చెప్పి పంపడానికి అరనిమిషం పట్టదు, చెప్పేవారు తక్కువ.

పెంఫిగస్‌ను అనుమానించడానికి ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. పుండు అడుగు భాగాన్ని మెల్లగా గీరి, గాజు స్లైడు మీద రాసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే విడిపోయి గుండ్రంగా మారిన కణాలు కనిపిస్తాయి. జాంక్ పరీక్షగా పేరొందిన ఈ పద్ధతి 1947 నాటిది. ఖాయం చేసుకోవడానికి మాత్రం చిన్న ముక్క తీసి, అందులోని యాంటీబాడీలను మెరిసే రంగుతో చూపించే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్ష చేయాలి, దానికి హైదరాబాద్ వెళ్లక తప్పకపోవచ్చు. అయితే మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైన తర్వాత కూడా ఆ స్లైడు పరీక్ష కోసం రోగి బస్సెక్కాల్సి వస్తే దాన్ని సౌకర్యాల కొరత అనలేం.

స్టెరాయిడ్లు రాకముందు ఈ జబ్బు వచ్చినవారిలో ఎక్కువ మంది బతికేవారు కాదు. 1950ల నుంచి ఆ లెక్క మారింది. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ జె.ఎస్. పస్రీచా, నెలకోసారి వరుసగా మూడు రోజులు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను సెలైన్‌లో ఎక్కించి, వాటిలో ఒక రోజు రక్షణ వ్యవస్థను అణిచే సైక్లోఫాస్ఫమైడ్ కలిపే పల్స్ చికిత్సను ప్రవేశపెట్టారు, దేశమంతా దాన్ని అనుసరించింది. యాంటీబాడీల తయారీకి మూలమైన కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ అనే మందును 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ జబ్బుకు ఆమోదించింది, అది ఖరీదైనది. ఏ చికిత్సైనా నెలల తరబడి సాగాలి, ఈ మందుల వల్ల షుగర్ పెరగవచ్చు, టీబీ తిరగబెట్టవచ్చు కాబట్టి వాటి మీద కన్ను వేసి ఉంచాలి. ముంబై, పుణెలకు పనికి వెళ్లే పాలమూరు కూలీకి ఇక్కడే దెబ్బ తగులుతుంది: పుండ్లు మానగానే ఊరు దాటుతాడు, గోలీలు అయిపోతాయి, ఎక్కువ రోజులు వాడిన స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆగిపోతే ప్రాణానికే ముప్పు. ఏ ఊళ్లోనైనా చూపించుకోగలిగేలా వాడుతున్న మందులు, మోతాదు రాసిన కార్డు అతని చేతిలో ఉండాలి.

30 ఏళ్లు దాటినవారి నోటిని క్యాన్సర్ కోసం పరీక్షించే కార్యక్రమం ఇప్పటికే జాతీయ స్థాయిలో ఉంది. పల్లె దవాఖానలో టార్చి వేసి నోరు చూసే సిబ్బంది, రెండు వారాలు దాటిన ఏ పుండునైనా, నొప్పి ఉన్నా లేకున్నా, గుట్కా అలవాటు ఉన్నా లేకున్నా జిల్లా ఆసుపత్రికి పంపాలని ఒక్క ఆదేశం చాలు. అక్కడ పళ్ల విభాగం, చర్మ విభాగం ఒకే రోజు ఆ రోగిని చూసే ఏర్పాటును సూపరింటెండెంట్ తన స్థాయిలోనే చేయవచ్చు, దీనికి కొత్త జీవో కూడా అక్కర్లేదు.