కౌంట్‌కు కండిషన్ తెలియదు

"పైథాన్‌లో లెక్కపెట్టడానికి ఇంకా లూప్ రాస్తున్నారా?" అనే మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈ ప్రోగ్రామింగ్ భాషలో, లిస్టులో మనం పెట్టిన కండిషన్‌కు సరిపోయేవి ఎన్ని ఉన్నాయో చెప్పే చిట్కాలట. మిత్రులు ఒకరి తర్వాత ఒకరు పంపుతూనే ఉన్నారు, ఒక్కరూ నడిపి చూసినట్టు లేదు.

లూప్, అంటే అంశాలను ఒక్కొక్కటిగా చూస్తూ లెక్కపెట్టే కోడ్, పాతకాలం పద్ధతి అన్నది మొదటి మాట. కాదు. కండిషన్ నాలుగు మెలికలు తిరిగితే లూపే చదవడానికి తేలిక. ఇక ప్రతి అంశంపైనా కండిషన్ పరీక్షించి, వచ్చిన ట్రూలను ("అవును" జవాబులను) సమ్ అనే కూడిక ఫంక్షన్‌తో కూడటం "దొంగదారి, కొత్త వెర్షన్‌లో ఆగిపోవచ్చు" అని భయపెట్టారు. బూల్ (ట్రూ, ఫాల్స్ విలువల రకం) అనేది ఇంట్‌లో (పూర్ణసంఖ్యల్లో) ఒక రకమేనని 2003లో వచ్చిన పైథాన్ 2.3 నుంచీ భాషలోనే ఉంది. ట్రూ 1, ఫాల్స్ 0. అందులో దొంగతనం ఏముంది?

నాకు ఒళ్లు మండేది మూడో చిట్కా చూసి: "కౌంట్‌లో ల్యాంబ్డా పెట్టండి, చాలు." ల్యాంబ్డా అంటే పేరు లేని చిన్న ఫంక్షన్, కండిషన్‌ను అందులో రాస్తారు. 40, 72, 55, 90, 18 ఉన్న లిస్టు తీసుకుని, 50 దాటినవి ఎన్నో ఇలా అడిగి చూడండి. రావలసింది 3. వచ్చేది 0. కౌంట్ చేసే పని ఒక్కటే: మనం ఇచ్చినదానికి సమానమైనవి ఎన్నో చూడటం. ల్యాంబ్డాను అది పిలవనే పిలవదు. "72 ఈ ఫంక్షన్‌కు సమానమా?" అని చూస్తుంది, కాదు కాబట్టి వదిలేస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. ఎర్రర్ వచ్చినా బాగుండేది, పని అక్కడే ఆగేది. ఖాళీగా వదిలేసిన ఫీల్డులు ఎన్ని అని అడిగితే 0 అంటుంది, డేటా శుభ్రంగా ఉందనుకుని ముందుకెళ్లిపోతాం.

పైగా రుజువుగా చూపిన ఉదాహరణ చూడండి: అన్నీ పాజిటివ్ సంఖ్యలున్న లిస్టులో నెగటివ్‌లు ఎన్ని? జవాబు 0, "కరెక్టే కదా" అని టిక్ మార్కు. ఆ లిస్టులో ఒక్క మైనస్ 5 కలిపి మళ్లీ నడిపి ఉంటే అప్పుడే తెలిసిపోయేది. ఆ మాత్రం కూడా చేయకుండా కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతిలో దీన్ని పెడతారా?

చివరిది, సరిపోయినవాటితో కొత్త లిస్టు కట్టి దాని లెన్ (పొడవు) తీసుకోవడం సమ్ కన్నా వేగం అన్న మాట. ఇది ఒప్పుకోవాల్సిందే. మామూలు సైజు లిస్టులపై చాలాసార్లు అదే ముందుంటుంది, ఎందుకంటే సమ్‌కు విలువలను ఒక్కొక్కటిగా అందించే జనరేటర్ ఒక్కో విలువ దగ్గరా ఆగి మళ్లీ మొదలవ్వాలి. కాకపోతే కోటి అంశాలు సరిపోతే, 64 బిట్ మెషీన్‌లో ఆ కొత్త లిస్టులోని రిఫరెన్సులకే (అంశాలు ఎక్కడున్నాయో చూపే గుర్తులకే) 80 ఎంబీ మెమరీ పోతుంది. చిన్న లిస్టయితే నిశ్చింతగా వాడుకోండి.

మూడో చిట్కాను ఇప్పటికే వాడినవాళ్లు మాత్రం ఎడిటర్ తెరిచి, కౌంట్ బ్రాకెట్‌లో ల్యాంబ్డా ఉన్న ప్రతి లైనూ వెతికి పట్టుకోండి. దాన్ని సమ్‌లోకి మార్చి, ఇంతకుముందు 0 అని వచ్చిన లెక్కలన్నీ మళ్లీ తీయండి.