పెంకుటింటికి ఏసీ యోగం

మా మండువా ఇంటికి ఏసీ పెట్టించాలన్న తీర్మానం మొన్న వేసవిలో ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. నాయనమ్మ వద్దన్నది గానీ, ఆవిడ ఓటు చెల్లలేదు.

ఇల్లంతా గొట్టాలు పరిచే రకం మనకు కుదరదు. గొట్టాలు పట్టే చోటు అటకమీదే ఉంది, అక్కడ ఇత్తడి గంగాళాలున్నాయి. కాబట్టి స్ప్లిట్ ఏసీయే గతి. దుకాణంలో కుర్రవాడు "ఎన్ని టన్నులండీ?" అన్నాడు. టన్ను మంచు ఒక రోజులో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని గదిలోంచి లాగేయగలిగితే ఒక టన్ను ఏసీ. వేడిని కొలిచే లెక్కలో గంటకు 12,000 బీటీయూలు. అవసరానికి మించి పెద్దది కొంటే గది గబుక్కున చల్లబడి యంత్రం ఆగిపోతుంది, ఉక్క మాత్రం పోదు. "ఎందరు పడుకుంటారు?" అని కూడా అడిగాడు. ఇద్దరమని చెప్పి టన్ను ఏసీ తెచ్చుకున్నాం.

అప్పుడు బయటపడ్డాయి తాతయ్య చేసిన తప్పులు. గుమ్మానికి ఎదురుగా గుమ్మం. తలుపుల మీద గాలికంతలు. పదహారు అడుగుల ఎత్తున దూలం, దాని మీద వేడి గాలిని ఎప్పటికప్పుడు బయటికి వదిలేసే పెంకులు. అన్నిటినీ సరిదిద్దాం. కంతలకు అట్టలు కొట్టించి, పెంకుల కింద ఫాల్స్ సీలింగ్ వేయించాం. గాలి రాకుండా చేయడానికైన ఖర్చు ఏసీ ధరను దాటింది.

గోడ మందం పద్దెనిమిది అంగుళాలు, గానుగ సున్నం. డ్రిల్లు సగంలోనే ఆగింది. మెకానిక్ బయటి నుంచి మరో బెజ్జం వేశాడు. రెండు బెజ్జాలూ జానెడు ఎడంగా, ఒకదాన్నొకటి పలకరించకుండా ఉండిపోయాయి, ఆస్తి పంపకాల తర్వాత మా బాబాయిలిద్దరిలాగా.

పాత వైరింగు పనికిరాదన్నారు. ఏసీకి విడిగా లైను, పదహారు ఆంపియర్ల ప్లగ్గు, ఎర్తింగు. తులసికోట పక్కన గొయ్యి తవ్వి, ఇనుప గొట్టం దింపి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పోస్తుంటే నాయనమ్మ వచ్చి చూసింది. "ఎవరిమీదరా ఈ చేతబడి?" అంది.

జూన్ మొదటి వారంలో గది చల్లబడటం లేదని మళ్లీ మెకానిక్‌ను పిలిచాం. ఆయన రాత్రిపూట వచ్చి, గ్యాసు చూడకుండా తలలు లెక్కపెట్టాడు. పదకొండు. తొమ్మిది గదుల ఇల్లు ఒక్క గదిలోకి వచ్చేసింది. గోడవారన నాయనమ్మ దుప్పటి ముసుగేసుకుని నిద్రపోతున్నది. కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలవాలని 2020 నుంచి ప్రభుత్వ నిబంధన ఉంది గానీ, దాన్ని పదహారుకు దించేది పెద్ద బాబాయి, ఇరవై ఆరుకు పెంచేది చిన్న బాబాయి. ఒకే చాప మీద పడుకుంటారు. మాటల్లేవు గానీ, రిమోట్ మాత్రం చేతులు మారుతోంది.