పిల్లలు పట్టిన నీటికి ప్రయోగశాల తలుపు తెరవాలి

మూసీ నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంత, బీవోడీ (మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) ఎంత, మలంతో చేరే కోలిఫాం బ్యాక్టీరియా ఎంత అని అడిగితే కాలుష్య నియంత్రణ మండలి దగ్గర లెక్క దొరుకుతుంది. అయిదు మిల్లీమీటర్లకన్నా చిన్నవైన ప్లాస్టిక్ రేణువులు, అంటే మైక్రోప్లాస్టిక్, ఎన్ని అంటే, క్రమం తప్పకుండా నింపే ఆ పట్టికలో వాటికి గడే లేదు. హైదరాబాద్ మురుగంతా మోసుకెళ్లి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది ఇది. దారి పొడవునా ఆ నీటితోనే వరి పండిస్తున్నారు. బ్రిటన్ శాస్త్రవేత్త రిచర్డ్ థాంప్సన్ బృందం 2004లోనే మైక్రోప్లాస్టిక్ గురించి ప్రపంచాన్ని హెచ్చరించింది. ఇన్నేళ్లయినా మన నదులకు క్రమం తప్పని ఆ లెక్క లేకపోవడం క్షమించరాని అలసత్వం.

ఇన్ని చోట్ల నీరు పట్టి లెక్కించడానికి మండళ్లకు సిబ్బంది చాలరన్నది నిజమే. జర్మనీ అందుకు బడిపిల్లల సాయం తీసుకుంది. 2016లో మొదలైన ‘ప్లాస్టిక్ పైరేట్స్’ కార్యక్రమంలో పిల్లలు ఏడాది తిరగకుండానే 250కి పైగా చోట్ల నది ఒడ్డు చెత్తను రకాలవారీగా లెక్కగట్టారు. అందులో దాదాపు మూడో వంతు ప్లాస్టిక్, అయిదో వంతు సిగరెట్ పీకలు. ప్రవాహంలో సన్నని వల కట్టి, చిక్కినదాన్ని కీల్ నగరానికి పరీక్షకు పంపారు. ఆ ఫలితాలు శాస్త్ర పత్రికల్లో అచ్చయ్యాయి. తర్వాత మరికొన్ని ఐరోపా దేశాలూ ఆ బాట పట్టాయి.

పిల్లలు తెచ్చిన నీళ్లను నమ్మడమెలా అన్న సందేహం సబబే. జవాబు పద్ధతిలో ఉంది. సీసా గాజుది కావాలి. అదే నీటితో మూడుసార్లు కడిగి, ఆ తర్వాతే నింపాలి. మూసీలోకి ఎవరూ దిగనక్కర్లేదు, వంతెన మీంచి స్టీలు బకెట్ వదిలితే చాలు. నైలాన్ తాడు మాత్రం వద్దు, దాని పోగులే నీళ్లలో రాలతాయి. పాలిస్టర్ చొక్కా నుంచీ అంతే, అందుకే నూలు బట్టలు వేసుకోవాలి. వడగట్టిన శుభ్రమైన నీరు పోసిన మరో సీసాను పక్కనే మూత తీసి ఉంచాలి. అందులోనూ పోగులు తేలితే అవి గాలి నుంచో, మన బట్టల నుంచో వచ్చినవని తెలుస్తుంది. సూక్ష్మదర్శిని కింద రంగు నూలుపోగు, ప్లాస్టిక్ పోగు ఒక్కలాగే కనిపిస్తాయి. ఎర్రగా కాల్చిన సూది తాకిస్తే ప్లాస్టిక్ కరిగి ముడుచుకుంటుంది. ఏ రకం ప్లాస్టిక్ అన్నది తేల్చడానికి మాత్రం పరారుణ కాంతితో పదార్థాన్ని గుర్తించే ఎఫ్‌టీఐఆర్ లాంటి యంత్రం తప్పదు. పౌరులు ఎంత శ్రమించినా ప్రయోగశాల తలుపు తీయకపోతే ఆ సీసాలు అటకెక్కుతాయి.

రెండు తెలుగు రాష్ట్రాల బడుల్లో జాతీయ హరిత దళాలనే విద్యార్థుల పర్యావరణ సంఘాలున్నాయి. మొక్కలు నాటించి ఫొటోలు దిగడంతో సరిపెట్టకుండా వాటికి ఈ పని అప్పగించాలి. సీసాలు, శిక్షణ కాలుష్య నియంత్రణ మండళ్లే ఇవ్వాలి. విశ్వవిద్యాలయాల్లో పరీక్షలకయ్యే ఖర్చు ప్రభుత్వాలు భరించాలి. ఫలితం మంచిదైనా చెడ్డదైనా ఊరి పేరుతో సహా బయటపెట్టాలి.

గోదావరికి 2027లో పుష్కరాలు. రాజమహేంద్రవరం ఘాట్ల దగ్గర అంతకుముందే, నిండు వేసవిలో ఒకసారి, తొలకరి వరదకు కాలువల చెత్త నదిలో పడ్డాక ఒకసారి నీరు పట్టించాలి. పుష్కరాలు ముగిశాక మళ్లీ పట్టించాలి. ముందటి లెక్క లేకుండా జనం వల్ల ఎంత పెరిగిందో, వరద ఎంత తెచ్చిందో విడదీయడం ఎవరి తరమూ కాదు.